చెట్టు పట్టిన కార్బన్ గుమ్మంలో ఎన్నాళ్లు, చెత్తదిబ్బలో ఎన్నాళ్లు

టేకు గుమ్మం ఒకటి లెక్కకు తీసుకుందాం. 5 అంగుళాలకు 3 అంగుళాల కర్ర. ఏడడుగుల నిలువులు రెండు, మూడున్నర అడుగుల పైకమ్మి, అంతే పొడవు గడప. అన్నీ కలిపితే 21 అడుగుల పొడవు, సుమారు 2.19 ఘనపుటడుగులు. అడితిలో సీఎఫ్‌టీ అనేది ఇదే. ఆరిన టేకు ఘనమీటరుకు 650 కిలోలు తూగుతుందనుకుంటే ఈ గుమ్మం బరువు 40 కిలోలు. అందులో తేమ పోగా 36 కిలోల పొడి కర్ర మిగులుతుంది. పొడి కర్రలో సగం కార్బన్, అంటే 18 కిలోలు. దాన్ని 44తో గుణించి 12తో భాగిస్తే 66 కిలోల కార్బన్ డయాక్సైడ్. గుమ్మం నిలబడి ఉన్నన్నాళ్లూ అంత వాయువు గాలిలో కలవకుండా కర్రలో ఆగి ఉంటుంది.

ఈ అంకె చూపించి చెక్క వాడితే వాతావరణానికి మేలు అని తేల్చేసేవాళ్లు చాలామంది. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. వస్తువు ఎన్నాళ్లు వాడకంలో ఉంటుంది, పాడయ్యాక ఎక్కడ పడుతుంది అన్న రెండూ తేలేదాకా 66కు విలువ కట్టలేం. రెండోది మరీ ముఖ్యం. లోతైన చెత్తదిబ్బలో పడిన మొక్కల కార్బన్‌లో ఆరో వంతు కుళ్లిందంటే చాలు, మిగిలిన అయిదు వంతులు దాచిపెట్టిన లాభమంతా మీథేన్ రూపంలో చేజారుతుంది. ఆ లెక్క కింద విడమరిచి చెబుతాను. ముందు బరువు సంగతి.

తూకంలో జరిగే పొరపాట్లు

కర్ర కార్బన్‌ను లెక్కగట్టడానికి యూరప్‌లో ఈఎన్ 16449 అనే ప్రమాణం ఉంది. పైన చేసింది దాని పద్ధతే: ఆరిన బరువును 1.12తో భాగించాలి (తేమ 12 శాతం అయితే), 0.5తో గుణించాలి, 44/12తో గుణించాలి. ఇంతే. అయినా ఇందులోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

కలప తేమను పొడి బరువు మీద శాతంగా చెబుతారు. అప్పుడే కొట్టిన సరుగుడు వాసాలు 100 కిలోలున్నాయనుకోండి. తేమ 60 శాతం అయితే పొడి కర్ర 62.5 కిలోలే, కార్బన్ 31 కిలోలు, కార్బన్ డయాక్సైడ్ 115 కిలోలు. పచ్చి బరువునే పట్టుకుంటే 183 వస్తుంది. తోటల దగ్గర వేబ్రిడ్జి చీటీ చూసి వేసిన లెక్కలన్నీ ఇలాగే ఉబ్బుతాయి. సరైన దారి ఒకటే: లోడులో నాలుగైదు చోట్ల నుంచి ముక్కలు కోసి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి, తేమ తేల్చుకోవాలి. సూదులు గుచ్చే తేమమీటరు ఆరిన కర్రకు పనికొస్తుంది. 30 శాతం దాటిన తేమ దగ్గర అది చూపించే అంకెను నమ్మకూడదు.

రెండో తప్పు, మొద్దు కార్బన్‌నంతా తలుపు ఖాతాలో రాసేయడం. సామిల్లులో గుండ్రటి మొద్దును చదరం చేస్తే పలకగా దక్కేది సుమారు సగం. తక్కినది బద్దలు, రంపపు పొట్టు. అది ఇటుక బట్టీకో హోటల్ పొయ్యికో పోతే ఆ ఏడాదే గాలిలో కలిసిపోతుంది. పొట్టు బోర్డు ఫ్యాక్టరీకి వెళ్తే సంగతి వేరు.

మూడోది, బోర్డుల్లోని జిగురు. యూరియా ఫార్మాల్డిహైడ్ రెజిన్‌లో ఉన్న కార్బన్ సహజవాయువు నుంచి వచ్చినదే తప్ప చెట్టుది కాదు. దాన్ని తీసేయాలి. మొక్కల కార్బన్ ఎంత, శిలాజ కార్బన్ ఎంత అని తేల్చడానికి కార్బన్-14 పరీక్ష ఉంది, ఏఎస్‌టీఎం డీ6866 అంటారు. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న చమురులో, గ్యాసులో కార్బన్-14 మిగలదు. నిన్నమొన్నటి మొక్కలో ఉంటుంది. పరీక్ష నిలబడేది ఆ తేడా మీదే.

సుబాబుల్ ఎటు పోతే ఎన్నేళ్లు

వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ లెక్కల్లో వస్తువులకు అర్ధాయువులు, అంటే సగం సరుకు వాడకం నుంచి పోవడానికి పట్టే కాలం, ఇచ్చారు: కోత కలపకు 35 ఏళ్లు, ప్లైవుడ్, పార్టికల్ బోర్డు లాంటి పలకలకు 25, కాగితానికి 2. ఏళ్లను అర్ధాయువుతో భాగించి, 0.5ను అన్నిసార్లు గుణిస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. పదేళ్లకు కోత కలపలో 82 శాతం, పలకల్లో 76 శాతం వాడకంలోనే ఉంటాయి. కాగితంలో 3 శాతం. ముప్పై ఏళ్లకు కలపలో 55, పలకల్లో 44. కాగితంలో చెప్పుకోవడానికేమీ ఉండదు.

మన దగ్గర దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. ప్రకాశం, గుంటూరు, కృష్ణా వైపు సుబాబుల్, జామాయిలు, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు వేసిన రైతులకు ప్రధానమైన కొనుగోలుదారు కాగితపు మిల్లు. రాజమహేంద్రవరం, భద్రాచలం దగ్గరి సారపాక, కాగజ్‌నగర్ మిల్లులన్నీ ఈ కర్ర మీద బతికేవే. మిల్లులో క్రాఫ్ట్ అనే రసాయన పద్ధతిలో గుజ్జు చేస్తే పొడి కర్రలో సగానికి కాస్త తక్కువ మాత్రమే గుజ్జుగా మిగులుతుంది. కర్రకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ నల్లద్రవంలో కలిసిపోతుంది, దాన్ని బాయిలర్‌లో కాల్చి ఆవిరి, కరెంటు తీస్తారు. బొగ్గు వాడకం ఆ మేరకు తగ్గుతుంది, అది నిజమైన లాభమే. కానీ దాన్ని నిల్వ అనకూడదు. మిగిలిన సగం నోటుపుస్తకమో అట్టపెట్టెనో అయి రెండేళ్ల అర్ధాయువులో పడుతుంది. అదే కర్ర బోర్డయితే పాతికేళ్లు.

అందుకే కాగితపు తోటల వల్ల ఇన్ని లక్షల టన్నుల కార్బన్ నిల్వ అయింది అనే ప్రకటనను రెండు ముక్కలు చేసి చదవాలి. తోటలో నిలబడి ఉన్న చెట్ల కార్బన్ ఒకటి. కొట్టాక పిలకలు వేసో, మళ్లీ నాటితేనో పెరుగుతాయి కాబట్టి తోట ఉన్నంతకాలం ఆ సగటు నిల్వ నిజం. కొట్టి పంపిన కర్ర కార్బన్ రెండోది, అందులో పదేళ్ల తర్వాత మిగిలేది దాదాపు సున్నా.

పత్తికట్టె బోర్డు

నా దృష్టిలో తెలంగాణలోనూ, గుంటూరు, కర్నూలు వైపూ అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురైన కార్బన్ పత్తికట్టె. పత్తి తీత అయిపోయాక ఎకరాకు టన్ను అటూఇటూ కట్టె మిగులుతుంది. ఎక్కువ భాగం చేలోనే కాలుస్తారు. ఎలాగూ కాలిపోయేది గనుక, బోర్డులోకి వెళ్లిన ప్రతి కిలో పూర్తి లాభం. చెట్టు కొట్టామన్న లోటు కూడా ఉండదు. పత్తి పరిశోధనకు పెట్టిన కేంద్ర సంస్థ సిర్‌కాట్ ఈ కట్టెతో పార్టికల్ బోర్డు చేసి చూపించి చాలాకాలమైంది. పద్ధతి తెలియక ఆగింది కాదు. కట్టె పోగుచెయ్యడం దగ్గరే ఆగింది.

విడి కట్టె ట్రాక్టరు నిండా వేసినా బరువు తూగదు, గాలే ఎక్కువ. అందుకని చేలోనే చిప్పర్‌తో ముక్కలు చేసి తెస్తేనే కిరాయి గిట్టుబాటవుతుంది. రెండో చిక్కు గులాబీరంగు పురుగు. ఎండిన కాయల్లో, కట్టెలో అది దాగి ఉండి వచ్చే పంటకు ఎక్కుతుంది. ఫ్యాక్టరీ బయట నెలల తరబడి కట్టె కుప్పలు పెడితే చుట్టుపక్కల చేలకు పురుగును పెంచి ఇచ్చినట్టే. తెచ్చిన వెంటనే ముక్కలు చేసి ఆరబెట్టాలి, తొలకరికి ముందే కుప్ప ఖాళీ కావాలి.

ముక్కలను ఒకటి రెండు సెంటీమీటర్లకు తెచ్చి, సుత్తిమిల్లులో సన్నం చేసి, జల్లెడ పట్టాలి. ఈ జల్లెడ దగ్గరే నాణ్యత తేలిపోతుంది. బెరడు పొడి, దుమ్ము జిగురును తాగేస్తాయి. నడిమి బెండు కూడా అంతే. కాయలకు అంటుకున్న దూది ఉండలు కట్టి, జిగురు అందని గుల్లలను బోర్డు మధ్యలో వదులుతుంది. దుమ్ము, దూది వేరు చేయకుండా జిగురు శాతం పెంచి సర్దుకుపోదామనుకుంటే ఖర్చు పెరుగుతుంది, బోర్డు మాత్రం బాగుపడదు.

జల్లించిన పొట్టును 3-4 శాతం తేమకు ఆరబెట్టి, పొడి బరువు మీద 8 నుంచి 10 శాతం యూరియా ఫార్మాల్డిహైడ్ రెజిన్ చిమ్మి, పరుపులా పరిచి, 150-180 డిగ్రీల ప్రెస్సులో ఒత్తుతారు. రెజిన్‌లో నీరుంటుంది కాబట్టి ప్రెస్సుకు వెళ్లేటప్పటికి తేమ మళ్లీ పెరుగుతుంది. 12 శాతం దాటిందంటే లోపల ఆవిరి పట్టి, ప్రెస్సు తెరవగానే బోర్డు మధ్యలో పొక్కుతుంది, ఒక్కోసారి రెండుగా చీలిపోతుంది. వానాకాలంలో చీలికలు పెరిగాయంటే నేను ముందు చూడమనేది డ్రయ్యర్‌నే, జిగురును కాదు.

వరిగడ్డితో ఇదే పని చేయబోతే కుదరదు. గడ్డి మీద మైనపు పొర, సిలికా ఉంటాయి, యూరియా జిగురు వాటికి పట్టదు. పీఎండీఐ అనే ఐసోసయనేట్ జిగురు కావాలి. అది ఖరీదెక్కువ, ప్రెస్సు పలకలకు అంటుకుంటుంది, విడుదల ద్రవం పూయాలి, పనివాళ్లకు దాని ఆవిరి ప్రమాదం. దాంట్లో ఫార్మాల్డిహైడ్ ఉండదన్నది ఒక ఊరట.

18 మిల్లీమీటర్ల మందం, 8 అడుగులకు 4 అడుగుల బోర్డు ఒకటి 36 కిలోల దాకా తూగుతుంది. తేమ, జిగురు తీసేస్తే మొక్కల కార్బన్ 14 కిలోల పైచిలుకు, అంటే 53 కిలోల కార్బన్ డయాక్సైడ్. అయితే పాతికేళ్ల అర్ధాయువు బోర్డు పొడిగా ఉంటేనే. యూరియా జిగురు బంధం తేమకు, వేడికి విడిపోతుంది. సింకు కింద, బాత్రూము గోడకు ఆనించి పెట్టిన బీరువా పాతికేళ్లు నిలవదు. అంచులన్నీ, స్క్రూ కన్నాలు కూడా, టేపుతోనో లక్కతోనో మూసేయాలి. నీళ్లు తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే వాడాలి. అందులో ఫినాలిక్ జిగురు ఉంటుంది.

వెదురు సంగతి క్లుప్తంగా. మూడేళ్లు నిండిన బొంగు, వానలు వెనకబట్టి చిగుళ్లు ఆగాక కొట్టినది అయితే పిండిపదార్థం తక్కువ ఉంటుంది, పుచ్చుపురుగు అంతగా ఆశించదు. 100 లీటర్ల నీళ్లకు 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో బద్దలను వారం నానబెట్టి నీడన ఆరబెట్టాలి. ఈ మందు నీళ్లలో కరిగేది కాబట్టి వానకు తడిసే చోట కొట్టుకుపోతుంది. కప్పు కింద వాడే వాటికే ఇది. నాలుగేళ్లకు పొడైపోయే బుట్ట, ముప్పై ఏళ్లుండే కప్పు ఒకే వెదురుతో చేసినవే కావచ్చు. మధ్యలో తేడా ఆ 5 కిలోల మందే.

దిబ్బలోకి పడ్డాక

వస్తువు పాడైంది, పారేశాం. అక్కడితో కార్బన్ అంతా గాలిలోకి పోతుందని క్యోటో ఒప్పందం లెక్కల్లో అనుకున్నారు. చెత్తలోకి పోయిన కలపను పారేసిన ఏడాదే ఆక్సీకరణం చెందినట్టు రాయాలన్నారు. లెక్క తేలిక కావడానికి అది సరే. భూమిలో జరిగేది అలా ఉండదు.

అరిజోనా విశ్వవిద్యాలయంలో విలియం రాత్జే బృందం అమెరికా చెత్తదిబ్బలను పురావస్తు పద్ధతిలో తవ్వితే, దశాబ్దాల కిందటి వార్తాపత్రికలు అక్షరాలు చదవగలిగేలా బయటపడ్డాయి. సిడ్నీలో పాత దిబ్బల నుంచి తీసిన కలపను పరీక్షిస్తే 19 ఏళ్లుగా పూడి ఉన్నదాంట్లో చెప్పుకోదగ్గ నష్టం లేదు, 29, 46 ఏళ్లవాటిలో 17-18 శాతం కార్బన్ పోయింది. కారణం లిగ్నిన్. దాన్ని విరగ్గొట్టే బూజులకు ఆక్సిజన్ కావాలి. గాలి ఆడని లోతులో బ్యాక్టీరియా సెల్యులోజ్‌ను తింటుంది, కానీ కర్రలో సెల్యులోజ్ చుట్టూ లిగ్నిన్ కమ్ముకుని ఉంటుంది కాబట్టి దాన్ని చేరలేదు.

ఇక్కడే కాగితాల మధ్య పెద్ద తేడా వస్తుంది. ఆఫీసు కాగితం రసాయన గుజ్జుతో చేసినది, లిగ్నిన్ మిల్లులోనే పోయింది. వార్తాపత్రిక కాగితంలో యాంత్రిక గుజ్జు ఎక్కువ, లిగ్నిన్ చాలావరకు అలాగే ఉంటుంది. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో మోర్టన్ బార్లాజ్ బృందం 1990లలో గాలి చొరని పీపాల్లో ఒక్కో రకం చెత్తను కుళ్లబెట్టి మీథేన్ కొలిచింది. పొడి బరువు కిలోకు ఆఫీసు కాగితం 217 లీటర్లు ఇచ్చింది, వార్తాపత్రిక 74, అట్టపెట్టె 152, కొమ్మలు 62, అన్నం కూరల చెత్త 300. వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు వేడి పుట్టిస్తుందనుకుంటే, కిలో ఆఫీసు కాగితం వల్ల 4.4 కిలోల నష్టం, దాచుకున్నది 0.2 కిలో కూడా లేదు. కిలో వార్తాపత్రికకు నష్టం 1.5 కిలోలు, దాచుకున్నది కూడా దాదాపు అంతే. రెండూ చూడ్డానికి కాగితాలే. ఒకటి దిబ్బలో పడితే శుద్ధ నష్టం, రెండోది చెల్లుకు చెల్లు.

ఆరో వంతు ఎలా వచ్చిందంటే: కుళ్లిన కార్బన్‌లో సగం మీథేన్‌గా, సగం కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది. మీథేన్‌గా మారిన కార్బన్ కిలోకు 16/12 చొప్పున 1.33 కిలోల మీథేన్, అంటే 37 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. సగమే అలా మారుతుంది కాబట్టి కుళ్లిన ప్రతి కిలో కార్బన్‌కు 18.7. కుళ్లకుండా ఆగిన కిలోకు లాభం 3.67. ఈ రెండూ సరితూగేది 16.4 శాతం కుళ్లినప్పుడు. దిబ్బలో గ్యాసు గొట్టాలు పెట్టి సగం మీథేన్ పట్టుకుని కాల్చి, పైమట్టిలోని సూక్ష్మజీవులు మిగిలినదాంట్లో పదో వంతు తినేశాయనుకుంటే ఆ హద్దు 30 శాతానికి పెరుగుతుంది.

2019లో ఐపీసీసీ సవరించిన అంకెల ప్రకారం కలపలో 10 శాతం, కాగితం, బట్టల్లో 50, తిండి చెత్తలో 70 శాతం కుళ్లుతుంది. కలప హద్దుకు ఇవతల, తక్కినవన్నీ అవతల. సిడ్నీ కలప అయితే హద్దు మీదే నిలబడింది, దానికి కూడా గ్యాసు గొట్టాలు ఉంటేనే ధైర్యంగా లాభం అనగలం. గొట్టాలున్నా లేకపోయినా అన్నం, కూరగాయల తొక్కు, ఆఫీసు కాగితం దిబ్బకు పోకూడదు.

ఈ అంకెలు లోతుగా నింపి, తొక్కించి, మట్టి కప్పిన దిబ్బలవి. మన ఊళ్ల డంపింగ్ యార్డులకు వీటిని తెచ్చి అతికించడం తప్పు. అయిదు మీటర్ల లోపు పలచటి దిబ్బలో గాలి ఆడుతుంది కాబట్టి మీథేన్ తక్కువే, ఐపీసీసీ దానికి 0.4 గుణకం ఇచ్చింది, లోతైనదానికి 0.8. కానీ ఆ గాలితోనే బూజులూ వస్తాయి, చెద కూడా వస్తుంది, వేసవిలో నిప్పంటుకుంటుంది. కలప అక్కడ నిలవదు. పైగా మన వేడికి కుళ్లే వేగం ఎక్కువ: వెయ్యి మిల్లీమీటర్లకు మించి వానపడే ఉష్ణమండలంలో తిండి చెత్తకు ఏడాదికి 0.4 రేటు, అంటే ఇరవై, ఇరవై ఒక్క నెలల్లో సగం ఖాళీ. అనంతపురంలాంటి పొడి చోట అదే 0.085.

గ్యాసు గొట్టాల దగ్గర జరిగే వైఫల్యం ఈ వేగంలోనే ఉంది. దిబ్బ నిండి, పైన కప్పు వేశాక గ్యాసు తీసే బావులు తవ్వుతారు. అప్పటికి తిండి చెత్త ఇచ్చే మీథేన్‌లో చాలాభాగం వెళ్లిపోయి ఉంటుంది. నింపుతున్నప్పుడే అడ్డంగా గొట్టాలు పరుచుకుంటూ రావాలి. చిల్లులున్న హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టం, చుట్టూ కంకర, పైభాగంలో బెంటొనైట్ బంకమట్టి సీలు ఉండాలి. వానాకాలంలో మురుగు ఊరి బావులు మునిగితే చిల్లుల్లోంచి గ్యాసు రాదు, ఆ నీళ్లు తోడే పంపు లేకపోతే గ్యాసు లాగే బ్లోవర్ తిరుగుతున్నట్టే ఉంటుంది, ఫలితం ఉండదు. తక్కువ వస్తోందని పీల్పు పెంచితే పగుళ్లలోంచి గాలి లోపలికి వెళ్లి దిబ్బ లోపల నిప్పు రాజుకుంటుంది. బావి గ్యాసులో ఆక్సిజన్ 5 శాతం, ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటనివ్వకూడదని 1996 నాటి అమెరికా నియమాల్లో పెట్టింది అందుకే.

చట్టం సంగతి కూడా చూడాలి. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల ప్రకారం ల్యాండ్‌ఫిల్‌కు పోవాల్సింది కుళ్లనిది, కాలనిది, మళ్లీ పనికిరానిది మాత్రమే అని ఉండేది. కిలోకు 1500 కిలోకేలరీలు, ఆపైన ఉన్న చెత్తను అక్కడ వేయకూడదన్నారు. పొడి కలప దానికి రెండింతలు దాటి ఉంటుంది. కాబట్టి నిల్వ కోసమని మున్సిపల్ దిబ్బలో కలప పూడ్చే పథకానికి ఆ నియమాల్లో చోటు లేకపోయింది. పాత దిబ్బల్లో ఇప్పటికే దాగి ఉన్నది కూడా నిలిచేలా లేదు. బయోమైనింగ్ పేరుతో వాటిని తవ్వి జల్లెడ పడుతున్నారు. కుళ్లకుండా మిగిలిన కర్రముక్కలు, గుడ్డలు, కాగితం ప్లాస్టిక్‌తో కలిసి ఆర్‌డీఎఫ్ అనే చెత్త ఇంధనంగా సిమెంటు బట్టీలకు వెళ్తాయి. నేల ఖాళీ అవుతుంది, బొగ్గు కొంత తగ్గుతుంది, మురుగు ఊటలు ఆగుతాయి. వద్దనడానికి లేదు. కానీ ఏ దిబ్బ కార్బన్ నిల్వనైనా శాశ్వతం అని రాసేముందు ఈ జల్లెడను గుర్తుపెట్టుకోవాలి.

కావాలని పూడ్చడం

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నింగ్ జెంగ్ కలపను ఒక్కదాన్నే, వేరే చెత్త కలపకుండా, బంకమట్టి గోతుల్లో పూడ్చాలని 2008 నుంచీ చెబుతున్నాడు. కెనడాలోని క్విబెక్‌లో ఆయన బృందం తవ్వుతుంటే రెండు మీటర్ల లోతున, బంకమట్టి కింద ఈస్టర్న్ రెడ్ సెడార్ అనే జూనిపర్ జాతి మొద్దు ఒకటి దొరికింది. వయసు 3,775 ఏళ్లు. పోయిన కార్బన్ 5 శాతం లోపే. 2024లో ఆ ఫలితం ప్రచురించారు.

తెలుగు నేలల్లో దీన్ని యథాతథంగా చేయలేం. నల్లరేగడి బంకే, తడిసినప్పుడు నీళ్లు దిగనివ్వదు. కానీ వేసవిలో నిలువునా నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లోంచి గాలి, చెద రెండూ దిగుతాయి. పైన మరో పొర మట్టి, మొక్కల కప్పు వేసి ఎండనివ్వకుండా చూస్తే తప్ప పైకప్పుగా పనికిరాదు. ఎర్ర చెల్క అసలే గరుకు, నీరూ గాలీ రెండూ పోతాయి. ఏడాదంతా ఊటనీటి మట్టానికి కింద ఉండే చోటు అయితే సరిపోతుంది, కానీ అక్కడ తాగునీటి సంగతి ముందు చూడాలి. మందు పూసిన, రంగు వేసిన కలప అలాంటి గోతిలో పడకూడదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖలో కూల్చిన చెట్ల లాంటివి ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ఈ పద్ధతి పనికొస్తుందని నా నమ్మకం. అంత కర్ర సామిల్లులు ఒకేసారి కొయ్యలేవు, రోడ్డు పక్కన కుప్ప పోస్తే రెండు వానాకాలాల్లో సగం పుచ్చిపోతుంది. ముందు కోతకు పనికొచ్చే మొద్దులు వేరు చేసి చివర్లకు మైనమో పెయింటో పూసి దాచాలి, పగుళ్లు రాకుండా. కొమ్మలు చిప్పర్‌కు, బోర్డుకు. ఏ వాడకానికీ రానిదే గోతికి.

మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్కులకూ ఇదే కొలత. బ్రెజిల్‌లో 2010 నుంచి చెరకు ఆల్కహాల్‌తో పాలిథీన్ చేస్తున్నారు. పాలిథీన్‌లో 86 శాతం కార్బన్, కర్ర కంటే చాలా ఎక్కువ, దిబ్బలో కుళ్లదు. మొక్కజొన్నతో చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌లో సగం కార్బన్, 60 డిగ్రీల దగ్గరి కంపోస్టు లేకపోతే అదీ కదలదు. పీహెచ్ఏ అనే మరో రకం ప్లాస్టిక్ మాత్రం గాలి లేని చోట కూడా కుళ్లి మీథేన్ ఇస్తుంది. మట్టిలో కలిసిపోతుంది అన్న ముద్ర చూసి పీహెచ్ఏ సంచిని చెత్తదిబ్బకు పంపితే వాతావరణానికి కీడే. దాని చోటు కంపోస్టు గుంత. చెరకు పాలిథీన్ అయితే వీధిలో, కాలువలో పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే కుళ్లకపోవడం అక్కడ శాపం.

పాత కర్ర

వీటన్నిటికంటే చవకైనది, ఖాయమైనది పాత కలపను మళ్లీ వాడటం. మండువా ఇళ్లు, పెంకుటిళ్లు పడగొడుతున్నారు. దూలాలు, వాసాలు, గుమ్మాల్లో చేవకర్ర అరవై డెబ్బై ఏళ్ల తర్వాతా గట్టిగా ఉంటుంది. సామిల్లు వాళ్లు ఆ కర్ర వద్దంటారు, ఒక్క మేకు తగిలితే బ్యాండ్‌సా బ్లేడు పోతుంది గనుక. అందుకని ముందు మేకులు లాగించి, చేతి మెటల్ డిటెక్టరుతో నాలుగు వైపులా చూసి, దొరికినచోట సుద్దతో గుర్తుపెట్టి ఇవ్వాలి. విరిగి లోపల మిగిలిన మేకు చుట్టూ కర్ర నల్లబడి ఉంటుంది, కంటికే తెలుస్తుంది. గోడలో దూరి ఉన్న దూలం చివర్లు అడుగు మేర కోసేయాలి, చెమ్మా చెదా మొదలయ్యేది అక్కడే. చేవ చుట్టూ ఉన్న తెల్లకర్ర పుచ్చి ఉంటే చిత్రిక పట్టేసి, మిగిలిన చేవకు బోరాక్స్ ద్రావణం పూయాలి. దూలం గుమ్మంగా, గుమ్మం కిటికీ చట్రంగా మారుతుంటే ఆ కార్బన్‌కు అర్ధాయువు మళ్లీ మొదలవుతుంది.

లెక్క రాసుకునేవాళ్లు ఒక్కో సరుకుకు ఇవి రాసుకోండి: చెట్టు రకం, ఎక్కడ కొట్టారు, అక్కడ మళ్లీ పెరుగుతోందా, పొడి బరువు, జిగురు తీసేశాక మొక్కల కార్బన్, ఏ వస్తువు, పాడయ్యాక ఎక్కడికి. కర్ర పండిన దేశానికే లెక్క అన్న పద్ధతిలో న్యూజిలాండ్ పైన్‌తో చేసిన పెట్టె కార్బన్ మన ఖాతాలోకి రాదు. అదే కర్ర మీద రైతు, మిల్లు, కొన్నవాడు ముగ్గురూ తలా ఒక క్రెడిట్ అడిగితే రెండు దొంగ లెక్కలు. చివరి గడిలో డంపింగ్ యార్డు అని రాయాల్సి వస్తే, అది కాగితమైతే నిల్వ గడిలో సున్నా వేసి, మీథేన్ గడి నింపాలి.